నిశ్శబ్దానికి మొక్కుకున్న టపాకాయలు

నిశ్శబ్దమే సీ ఖిరీ జిల్లాకు సిరి, సంపద, ఊపిరి! ఈ పరమసత్యాన్ని సాక్షాత్తూ గవర్నరుగారే కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకున్నారా? లారీలకు నాలుగు వైపులా మైకులు కట్టించి, కొండ మొదలు నుంచి సముద్రపు ఒడ్డు దాకా ప్రతి ఊళ్లోనూ చెవులు చిల్లులు పడేలా చాటించారు. "బ్యాంకాక్ లాంటి పట్నాల రొదతో విసిగిన యాత్రికులు మన కూర తినడానికి, మన ఆట చూడటానికి, మన కొండగాలి పీల్చడానికి వస్తున్నారు! కాబట్టి అందరూ నోళ్లు మూసుకోవలసిందిగా ప్రార్థన!" అని దాని సారాంశం. పసిపిల్లలు జడుసుకున్నారు. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

జిల్లా మొత్తంలో ఏ ఊరు ప్రశాంతంగా ఉంటే ఆ ఊరికి 'ఆదర్శ నిశ్శబ్ద యాత్రాగ్రామం' అని బిరుదు ఇస్తారట. ఊరి మొదట్లో పెద్ద బోర్డు కూడా పెడతారట.

ఆ మాట వినగానే బాన్ నామ్ సై గ్రామపెద్ద జరూన్ గుండె రాయిలా బరువెక్కింది. కారణం లేకపోలేదు. కిందటేడు 'ఆదర్శ పూలగ్రామం' పోటీనాడు ఊరి మేకలు పూలన్నీ మేసి, పరీక్షాధికారి టోపీలో పెట్టుకున్న పువ్వు కూడా తినేశాయి. అంతకుముందేడు 'ఆదర్శ శుభ్రగ్రామం' పోటీనాడు వాన వచ్చి, పై ఊళ్ల చెత్తంతా వీళ్ల వాకిళ్లలోకి చేరింది. దాంతో ఊరంతా కూర్చుని తేల్చేసింది. ఈసారీ ఓడితే పెద్దరికం జరూన్ బావమరిది సనాన్‌కు అప్పగించాలి.

జరూన్‌కు ఉన్నదల్లా ఆ పెద్దరికమూ, దానితో వచ్చిన ఖాకీ చొక్కానే. ఆ చొక్కాతోనే తింటాడు, దానితోనే నిద్రపోతాడు. చొక్కా లేకుండా జరూన్ ఎలా ఉంటాడో ఊళ్లో అతని భార్య లమియద్‌కు ఒక్కదానికే తెలుసు. పాపం, ఆవిడ ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదు.

"ఆ చొక్కా మా తమ్ముడికి కాస్త వదులవుద్ది. ఏం ఫర్లేదు, నేను కుట్టి పెడతాలే" అంది లమియద్ కూరగరిటె తిప్పుతూ.

"నువ్వు నా పక్షమా, మీ తమ్ముడి పక్షమా?"

"కుండ పక్షం. పెద్ద ఎవడైనా వండిపెట్టేది నేనేగా!"

మర్నాడు జిల్లా యాత్రా కార్యాలయం నుంచి ప్రపాత్ అనే అధికారి దిగాడు. చొక్కా మడత నలగని మనిషి, మాట మడత అంతకన్నా నలగదు. ఊరి మధ్య చింతచెట్టుకు చప్పుడు కొలిచే యంత్రం ఒకటి వేలాడదీశాడు.

"గ్రామపెద్దగారూ, ఈ ముల్లు ఎర్రగీత దాటిందా, బిరుదు హుళక్కి! ఇంకోమాట. మీ కొండతాత గుడి దగ్గర టపాకాయలు కాల్చే మూఢాచారం తక్షణం మానాలి. చదువుకున్న జిల్లా మనది! కొండలకి తాతలేమిటి? తాతలకి చెవులేమిటి?"

"చెవులున్నాయండీ, వినపడదు. అందుకే టపాకాయలు" అన్నాడు జరూన్ వినయంగా.

నిజమే. ఆ కొండను కాచే తాతకు పుట్టు చెవుడు. కోరిక చెప్పుకునేటప్పుడు విగ్రహం చెవిలో నోరు పెట్టి చెబితే ఎలాగో తలకెక్కించుకుంటాడు. కోరిక తీరాక మాత్రం, మొక్కు చెల్లిందని తెలియాలంటే గుడిముందు టపాకాయలు దద్దరిల్లాల్సిందే. తెలియలేదా, ఇక గుర్తు చేయడం మొదలుపెడతాడు. ఒకడికి దవడ వాస్తుంది, ఒకడి పడవకు చిల్లు పడుతుంది, ఒకడింటికి అత్తగారు వచ్చి వర్షాకాలమంతా ఉండిపోతుంది.

ఊరు పోటీకి సిద్ధమైంది. కోడిపుంజులన్నిటినీ పక్కూరి చుట్టాలింటికి పంపేశారు. పక్కూరు పోటీలో ఓడిపోయింది అందుకేనంటారు గిట్టనివాళ్లు. కొబ్బరికాయలు దింపడం నేర్పిన కోతులు ఎక్కే చెట్ల కింద ఇళ్లలోని పరుపులన్నీ పరిచారు. మసాలా నూరితే చప్పుడవుతుందని లమియద్ రాతిరోలు నెత్తిన పెట్టుకుని కొండ అవతలికి వెళ్లి దంచుకొచ్చింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు 'నోరా' అనే పక్షివేషపు నాట్యంతో వచ్చింది. రెక్కల నడికట్టు, కిరీటం, పొడుగు గోళ్లు అన్నీ ఉండొచ్చు, డప్పు ఒక్కటే ఉండకూడదు!

"డప్పు లేకపోతే నా కాలెట్టా లేస్తది, జరూన్ బాబాయ్?" అని నాట్యగత్తె ఉరాయ్ నడుం మీద చెయ్యేసుకుంది.

"మనసులో కొట్టుకో అమ్మా."

"నా మనసులో డప్పు నాకే వినపడుద్ది. చూసేవాళ్లకి నాకు పూనకం వచ్చిందనిపిస్తది!"

పరీక్ష ముందునాటి సాయంత్రం జరూన్ ఒంటరిగా గుడికి వెళ్లి, కొండతాత చెవిలో నోరు దూర్చాడు. "తాతా! నిశ్శబ్దం బిరుదు ఇప్పించు. కబురు రాగానే కొబ్బరిచెట్టంత టపాకాయల దండ కాలుస్తా!"

నిశ్శబ్దం కోసం టపాకాయలు మొక్కడమేమిటని మీరు నవ్వుతారు. మునిగిపోయేవాడు గడ్డిపోచను పట్టుకునేటప్పుడు దాని గోత్రం అడుగుతాడా?

బ్యాంకాక్ నుంచి న్యాయనిర్ణేతలు వచ్చారు. లమియద్ చేపపేగుల పులుసు వడ్డించింది. ఆ పులుసు కారం సంగతి చెప్పాలంటే, ఒకసారి కుండలోంచి చుక్క ఒలికితే నేల మీద గడ్డి మళ్లీ మొలవలేదు. పెద్దలు తిన్నారు. నోట్లో నిప్పు అంటుకుంది. "హుస్" అందామంటే ఎదురుగా యంత్రం! నిశ్శబ్ద పోటీ నిర్ణేతలు తామే చప్పుడు చేస్తే పరువేం కాను? చెంపల మీద ధారలు కారుతుండగా, డప్పు లేని నాట్యం చూస్తూ, ఒకరి చెయ్యి ఒకరు నలుపుకుంటూ కూర్చున్నారు.

"చూశారా! మన సంస్కృతి వాళ్లను కంటతడి పెట్టించింది!" అని ప్రపాత్ జరూన్ చెవిలో గుసగుసలాడాడు.

బిరుదు వచ్చేసింది! కబురు తెచ్చిన ప్రపాత్ ఒక మెలిక కూడా తెచ్చాడు. బోర్డు పాతేదాకా యంత్రం చెట్టునే ఉంటుంది. ముల్లు గీత దాటితే బిరుదు వెనక్కి.

తెల్లారేసరికి జరూన్ కుడి దవడ పనసకాయైంది.

"తాత అడుగుతున్నాడు" అంది లమియద్.

"బోర్డు పాతాక కాలుస్తాలేవే."

"ఆ మాట దవడకి చెప్పు."

జరూన్ ఒక ఉపాయం పన్నాడు. ఖాళీ నీళ్ల జాడీలో నాలుగు టపాకాయలు పెట్టి, పైన దుప్పట్లు కప్పి కాల్చాడు. "ఉఫ్" మని పిల్లి తుమ్మినట్టు వినపడింది. మర్నాటికి ఎడమ దవడ కూడా వాచింది! కాలిస్తే చొక్కా పోతుంది, కాల్చకపోతే మొహం పోతుంది. రాత్రంతా ఆలోచించి, చొక్కా లేకపోయినా బతకొచ్చు, నోరు లేకపోతే పులుసు తినలేమని తేల్చుకున్నాడు. బోర్డు పాతేరోజు పొద్దున్నే దండ భుజాన వేసుకుని గుడికి నడిచాడు.

గుడిముందు అప్పటికే ఒకడున్నాడు. లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో జరూన్ దానికన్నా లావు దండ. తువ్వాలు కింద మాత్రం మడత నలగని మొహం.

"ప్రపాత్‌గారూ! తమరా?"

ప్రపాత్ ఉలిక్కిపడి గొంతు సవరించుకున్నాడు. "నేను... ఇక్కడ చప్పుడు అవుతుందేమోనని తనిఖీ చేస్తున్నాను."

"దండతోనా అండీ?"

"చప్పుడెంతో తెలియాలంటే చేసి చూడాలి కదయ్యా! సరే, దాచడమెందుకు. పదోన్నతి మొక్కు. ఆర్డరు నిన్న వచ్చింది. రాత్రి నుంచి నడుం పట్టేసింది."

ఇంతలో పొదలు కదిలాయి. రబ్బరుచెట్ల వెనక నుంచి ఉరాయ్ దండతో వచ్చింది, ఆమె వెనక లమియద్ దండతో వచ్చింది, వాళ్ల వెనక ఊరు ఊరంతా దండలతో వచ్చింది! చిట్టచివర సనాన్.

"నువ్వేం మొక్కావురా? నేను ఓడిపోవాలనా?" అన్నాడు జరూన్.

"నువ్వే గెలవాలని, బావా! మా అక్క దగ్గర నీ బతుకు చూసి కూడా ఆ చొక్కా ఎవడు తొడుక్కుంటాడు?"

అప్పుడే నల్లకారొకటి వచ్చి ఆగింది. గవర్నరుగారు దిగారు. అందరూ దండలు వీపుల వెనక దాచుకోబోయారు. ఆయన ఒక్కొక్కరినీ పరకాయించి చూసి, డ్రైవరుకు సైగ చేశారు. డ్రైవరు డిక్కీ తెరిచి దండ లాగడం మొదలుపెట్టాడు. లాగుతూనే ఉన్నాడు. అది ఎంతకీ అయిపోదే!

"నిశ్శబ్ద ఉద్యమం విజయవంతమైతే అని మొక్కుకున్నాను. అందరూ హోదా ప్రకారం వరసలో నిలబడండి. ముందు నాది" అన్నారు గవర్నరుగారు గంభీరంగా.

హోదా ప్రకారమే అంటించారు గాని, నిప్పుకు హోదా తెలియదు కదా! అన్నీ ఒక్కసారే అందుకున్నాయి. కొండమీది పక్షులు పక్క జిల్లాకు కాపురం మార్చాయి. పొగ తగ్గేసరికి జరూన్ దవడలు రెండూ దిగిపోయాయి. ఊళ్లోకి వచ్చి చూస్తే చింతచెట్టుకున్న యంత్రం ముల్లు ఊడి గడ్డిలో పడి ఉంది. ప్రపాత్ వంగి చూసి, ముల్లు ఎర్రగీత దగ్గర లేదని ధ్రువీకరించాడు.

మధ్యాహ్నం బోర్డు పాతారు. జరూన్ ఖాకీ చొక్కాతో ముందు నిలబడ్డాడు. సమ్మెట దెబ్బలు పడ్డాయి. ఉరాయ్ పంతం పట్టి మూడు డప్పులు పెట్టించుకుని ఆడింది. పక్కూరి నుంచి తిరిగొచ్చిన పుంజులు గోడలెక్కి కూశాయి. ఏదీ ఎవరికీ వినపడలేదు. పొద్దుటి నుంచి అందరి చెవులూ గుయ్యిమంటూనే ఉన్నాయి మరి.

"ఆహా! ఏమి ప్రశాంతత! జన్మలో ఇంత నిశ్శబ్దమైన ఊరు చూడలేదు!" అని గవర్నరుగారు గొంతు చించుకుని అరిచారు.

అదీ ఎవరికీ వినపడలేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు.