‘బై’ తర్వాత ఎవరూ లేరు

మొన్న ఆదివారం మా ఇంట్లో ఆవకాయ జాడీ దగ్గర యుద్ధం జరిగింది. జాడీలో ఎవరో తడి గరిటె పెట్టారు. ఎవరని అడిగాను.

"నన్నడుగుతావేటి? పెట్టబడి ఉంది, అంతే!" అన్నారు మావారు, మూతికంటిన నూనె తుడుచుకుంటూ.

నేను దణ్ణం పెట్టాను. కోపంతో కాదు, భక్తితో! ఇంగ్లీషు గ్రామర్‌లో పాసివ్ వాయిస్ అనేది లేకపోతే మన సంసారాలు ఒక్క పూట నిలవవని ఆ క్షణంలో నాకు జ్ఞానోదయమైంది.

ఊరికే అనడం లేదండీ. ఇంటర్ తర్వాత పెళ్ళయి, పదకొండేళ్ళకి మళ్ళీ పోస్టులో పాఠాలు తెప్పించుకుని బి.ఏ. చదువుతున్నదాన్ని. యూనివర్సిటీ చదువు ఎంత ఘనంగా ఉంటుందో అని కవరు చింపి చూద్దును కదా, మొదటి పాఠం: రాముడు పామును చంపెను. పాము రామునిచే చంపబడెను!

ఆరో క్లాసులో చచ్చిన పామే. పదిలో మళ్ళీ చచ్చింది. ఇంటర్‌లోనూ చచ్చింది. ఇప్పుడు డిగ్రీలో మూడు గంటల పేపరై చస్తోంది. యూనివర్సిటీలో ఇదేం చదువని కొందరు నవ్వుతారు. నవ్వకండి! చిన్నప్పుడు మనకా పాము విలువ తెలియలేదు. కాపురం చేశాక తెలుస్తుంది.

యాక్టివ్ వాయిస్ ఎంత మోటుదో చూడండి. "గరిటె నేను పెట్టాను" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత తిట్లు తినాలి. అదే పాసివ్ అయితే? గరిటె పెట్టబడింది. తప్పంతా గరిటెదే!

మావారు హార్బరు దగ్గర ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తా. అక్కడ ఉత్తరాలు అందుకోబడతాయి, పరిశీలించబడతాయి, తిరస్కరించబడతాయి. ఫైళ్ళు పోగొట్టబడతాయి. ముప్ఫై మంది ఉన్న ఆఫీసులో ఒక్క మనిషీ ఒక్క పనీ చెయ్యడు. అయినా అన్నీ జరిగిపోతుంటాయి! ఆ ఆఫీసు దాకా ఎందుకు, మా వీధే చూడండి. తవ్వబడింది. పైపులవాళ్ళు మేం కాదన్నారు, టెలిఫోనువాళ్ళు మేం కాదన్నారు. మోకాటిలోతు గొయ్యి మాత్రం ఉంది. ఇక మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ సంగతంటారా, నేను కాపురానికి వచ్చిన నాటినుంచీ కట్టబడుతూనే ఉంది.

ఇంతటి మహత్తు మా ఇంట్లోకి రాకుండా ఉంటుందా?

మా ఇంట్లో తెల్లారేసరికి కుళాయి నీళ్ళు పట్టబడి ఉంటాయి. కాఫీ కలపబడుతుంది. చేపలు తోమబడి, పులుసు పెట్టబడి, కేరేజీ సర్దబడుతుంది. చొక్కా ఇస్త్రీ చేయబడి వంకెకు తగిలించబడుతుంది. ఎవరిచేత అని మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. పాఠం మూడో పేజీలో రూలుంది. పని చేసినదెవరో అందరికీ తెలిసినా, లేక ఆ మనిషి ముఖ్యం కాకపోయినా, చివర ‘బై’ అని పేరు రాయక్కర్లేదట.

నాకు రెండూ వర్తిస్తాయి. ఇంత గౌరవం ఎంతమందికి దక్కుతుంది?

ఒక్కచోట మాత్రం ఈ పాసివ్ వాయిస్ నాకు ద్రోహం చేసింది. పోయినేడు యూనివర్సిటీలో పది రోజుల క్లాసులకు రమ్మని కార్డు వచ్చింది. ఆడబిడ్డ వస్తోంది కాబట్టి నేను వెళ్ళకూడదని "అనుకోబడింది." వెళ్ళలేదు. ఇంగ్లీషు పేపరు నాలుగు మార్కుల్లో పోయింది. మార్కుల కాగితం మీద మాత్రం తప్పినదెవరో పేరు, నంబరు, తండ్రి పేరుతో సహా వేశారు! ఆ పేపరు గట్టెక్కితేనే నాకు డిగ్రీ.

ఈ ఏడూ కార్డు వచ్చింది. నిన్న సెలవు. మధ్యాహ్నం మావారూ అత్తగారూ భోంచేస్తున్నారు. నేను వడ్డిస్తున్నాను.

"ఈసారికి కూడా క్లాసులు మానుకుంటే మంచిదని అనుకోవడం జరిగింది," అన్నారు మావారు కంచంలోకి చూస్తూ.

మా అత్తగారు ఆదిలక్ష్మమ్మగారిది సబ్బవరం పక్క పల్లె. వేలిముద్ర తప్ప సంతకం రాదు. గ్రామర్ అసలే రాదు. ముద్ద పట్టుకుని ఆగిపోయారు.

"ఎవులనుకున్నార్రా?"

"అంటే... అనుకోవడం జరిగిందమ్మా."

"అదే, ఎవులని? నానైతే అనుకోనేదు. ఆ పిల్లా అనుకోనేదు. గోడలనుకున్నాయేటి, సీరామ్మూర్తీ?"

మావారు నీళ్ళు తాగారు. నేను మూడు ప్రశ్నపత్రాలకి జవాబులు కంఠస్థం చేశాను గానీ, నాకీ ప్రశ్న తట్టలేదు సుమండీ!

చారు గిన్నె కింద పెట్టి, నా కంచం తెచ్చుకుని, వాళ్ళ పక్కనే కూర్చున్నాను.

"సోమవారం నుంచి పది రోజులు నేను క్లాసులకు వెళ్తాను," అన్నాను మావారితో. "పొద్దున్నే లేచి మీరు వంట చేస్తారు."

"సరేలే, చేయబడు..." అనబోయారు.

"చేస్తారు," అన్నాను, అన్నం కలుపుకుంటూ.