సొంత మోకాలికి దాత కావలెను

మనిషి శరీరం ఆ మనిషిదేనన్న అపోహ నిజామాబాద్ జిల్లాలో చాలాకాలం ప్రబలి ఉండేది. దాన్ని తొలగించిన ఘనత శరీర భాగాల బదిలీ అనుమతి సంఘానికీ, దాని అధ్యక్షులు రాజేశ్వర్ గారికీ దక్కుతుంది. (సంఘంలో అధ్యక్షులు కాక ఇంకెవరైనా ఉన్నారా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.)

రెండువేల మూడులో బోధన్ దగ్గరి ఒక చిన్న ఖండసారి చక్కెర మిల్లులో, పాకం కడాయిలు చూసే లింబాద్రి ఒలికిన మొలాసిస్ మడ్డి మీద కాలుజారి పడ్డాడు. మోకాలి కీలులో ఎముకల మధ్య మెత్తగా ఉండే మృదులాస్థి ఒకచోట పెచ్చులా ఊడి గుంట పడింది. అప్పటి నుంచి మెట్టు దిగాలంటే ముందు గోడనూ, తర్వాత భార్య గంగుబాయినీ పట్టుకునేవాడు.

హైదరాబాద్ డాక్టరు ధైర్యం చెప్పాడు. అదే మోకాలిలో బరువు పడని అంచు నుంచి చిటికెడు మృదులాస్థి తీసి, ల్యాబులో పెంచి, తెచ్చి ఆ గుంటలో నాటుతారట.

"పసుపు లెక్కనే గద సారు! మన కొమ్ము మన మడిల పెట్టుడు," అన్నాడు లింబాద్రి.

ముక్క తీసి ల్యాబుకు పంపాక, జిల్లా సంఘం అనుమతి తెమ్మన్నారు. (తీయడానికి అక్కర్లేదు. తిరిగి పెట్టడానికే కావాలి.)

సంఘం కార్యాలయం నిజామాబాద్‌లో ఒక మేడ మీద ఉంది. మోకాళ్ల దరఖాస్తులు అక్కడే తీసుకుంటారు.

"దాత ఎవరు?" అడిగారు రాజేశ్వర్ గారు.

"నేనే సారు."

"పుచ్చుకునేది?"

"నేనే."

ఇంకెవరైనా వస్తున్నారేమోనని అధ్యక్షులు కాసేపు తలుపు వైపు చూశారు. తర్వాత నిబంధనలు తీశారు. దగ్గరి బంధువులంటే తల్లి, తండ్రి, భార్య, బిడ్డలు, తోబుట్టువులు. 'తాను' అందులో లేడు. కనుక ఇచ్చే లింబాద్రి పుచ్చుకునే లింబాద్రికి ఏమీ కాడని తేలింది. ఏమీ కానివాడు మోకాలి ముక్క ఊరికే ఎందుకిస్తాడు? పుచ్చుకునేవాడు ఎదురుగా లేనప్పుడు దాతను విచారించాలి. అందుచేత లింబాద్రిని బయటికి పంపి, లింబాద్రిని లోపలికి పిలిచారు.

"బయటున్న మనిషి మిమ్మల్ని బెదిరించాడా?"

"కుంటోడు సారు, ఏం బెదిరిస్తడు పాపం," అన్నాడు లింబాద్రి, ఈసారైనా కుర్చీ చూపిస్తారేమోనన్న ఆశతో.

తర్వాత గంగుబాయి వంతు.

"మీ భర్త మోకాలి ముక్క వేరొకరికి ఇస్తే మీకు అభ్యంతరం లేదా?"

"ఇంకొకలకెందుకిస్తడు సారు? నా మొగనికే ఇస్తున్నడు."

అధ్యక్షుల కలం ఆగింది. దాత భార్య పరాయి మనిషిని మొగుడంటోంది. ఆయన లోకం చూసినవారు కనుక, ఆ సంగతి రాయకుండా మర్యాద పాటించారు.

చివరికి ఇద్దరికీ వైద్య పరీక్ష జరిగింది. పుచ్చుకునేవాడి మోకాలు చెడి ఉండాలి. ఉంది. దాత మోకాలు బాగుండాలి. లేదు. మొదటి లింబాద్రిని ఆమోదించి, రెండో లింబాద్రిని తిరస్కరించారు.

"అంత చెడిపోయిన మోకాలు గలవాడి దగ్గర ముక్క అడగడానికి మనసెలా వచ్చిందయ్యా?" అని అధ్యక్షులు మందలించారు కూడా.

కిందికి దిగి ఫోన్ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ల్యాబులో కణాలు తయారయ్యాయనీ, ఈ వారం నాటకపోతే చచ్చిపోతాయనీ చెప్పారు. లింబాద్రి బస్టాండులో అందరి ముందూ ఏడ్చాడు.

"నా పానం ఆడ సీసల సస్తాంది. నేనీడ సంతకం కోసం తిరుగుతున్న."

గంగుబాయి ఏడవలేదు. బోధన్ బస్సు దిగగానే మిల్లుకు పోయి, అక్కడ చక్కెర బస్తాలు మోసే మరిది రాజారాంను పట్టుకుంది.

"నీ మోకాళ్లు మంచిగున్నయా?"

"నాకేమైతది వదినె?"

"అయితే రేపు నువ్వే ఇస్తున్నవ్. నోరు మెదపకు."

మర్నాడు సంఘం ముందు నిలబడ్డ దాత తోడబుట్టినవాడు, పైగా గట్టి మోకాలు. అధ్యక్షుల కళ్లు చెమర్చాయి. చాయ్ వచ్చేలోగా సంతకం అయిపోయింది. హైదరాబాద్ డాక్టరు ఆ కాగితాన్నీ, లింబాద్రినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా లింబాద్రి కణాలను లింబాద్రి మోకాలిలో నాటాడు. ఆ సమయంలో దాత ఆసుపత్రి బయట మిర్చి బజ్జీలు తింటున్నాడు.

మరుసటి ఏడాది చెరుకు సీజనుకల్లా లింబాద్రి నడిచాడు. బస్సు దిగుతుంటే గంగుబాయి అలవాటుగా చెయ్యి చాపింది. అతను పట్టుకోకుండానే దిగేశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువుందంది.

అంతా అక్కడితో ఆగేదే. కానీ తమ్ముడి త్యాగాన్ని మెచ్చుకుంటూ సంఘం మిల్లుకు లేఖ రాసింది. యజమాని రాజారాంకు శాలువా కప్పి, ముక్క ఇచ్చిన మోకాలికి శ్రమ తగదని గేటు దగ్గర కుర్చీ వేయించాడు.

"అన్నా, నిజం జెప్పేస్త," అన్నాడు రాజారాం, ముఖం చెల్లక.

"ఊకోరా. జెప్తే ఇద్దరం పోతం."

కడాయిల దగ్గర లింబాద్రి పాత చోటు ఎప్పుడో ఇంకొకరికి పోయింది. మిల్లులో ఖాళీగా ఉన్నది రాజారాం వదిలిన బస్తాల పని ఒక్కటే. రెండు మోకాళ్లూ నిక్షేపంగా ఉన్న మనిషి కనుక, దాన్ని లింబాద్రికి ఇచ్చారు.