తొమాసా కప్పుకు జరిగిన పరిచర్య

కప్పు కారుతున్న మనిషిని ఆదరించడానికి వెళ్ళినవారికి ఆ మనిషే వండి వడ్డించాలని ఏ లేఖనంలో రాసి ఉంది? సాన్ ఇలారియో సువార్త సంఘం ఈ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

సోమవారం ఉదయం తొమాసా వేసుకున్న పథకం చిన్నదే. ఆమె వితంతువు, అరవై ఎనిమిదేళ్ళు, మోకాలు వాచి ఉంది. ఉన్న ఒక్క గదికి కప్పు రేకు ఒకటి గాలికి లేచింది. మూలన రెండు బస్తాల మొక్కజొన్న ఉంది. డిసెంబరు కోతల దాకా ఆమె తిండి అదే. తడిస్తే బూజు పడుతుంది. నిచ్చెన, సుత్తి, మేకులు ఇంట్లోనే ఉన్నాయి. కావలసిందల్లా ఎక్కగలిగిన రెండు కాళ్ళు, ఒక అరగంట. పాస్టరు అబెలార్దోతో ఆమె చెప్పుకున్నది ఇంతే.

పాస్టరుకు కళ్ళు చెమర్చాయి. సంఘమంతా ఒకే శరీరమని, ఇంతటి భారం ఒక్కరి మీద వేయకూడదని అన్నాడు. స్త్రీల సమాజం పెద్ద క్లోతిల్దెను పిలిపించాడు. ముందుగా ఆదరణ కూడిక జరగాలని, అది తొమాసా ఇంట్లోనే జరగాలని ఆవిడ తీర్మానించింది.

"రేకుదేముంది అక్కా, ఎవరో ఒకరు కొడతారు. ముందు నీ మనసు కుదుటపడాలి గదా."

తొమాసా మనసు కుదుటగానే ఉంది. కారుతున్నది కప్పు.

ఆ ఊళ్ళో ప్రార్థనకు వచ్చినవారిని కాఫీ, మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు పెట్టకుండా పంపడం పరువు తక్కువ. తినకుండా వెళ్ళడం అంతకన్నా అవమానం. ఎవరూ ఎవరినీ అవమానించలేదు. బుధవారం పన్నెండు మంది వచ్చి, తలా మూడు తిన్నారు. బల్లలకు చోటు చాలక బస్తాలను సరిగ్గా చిల్లు కిందికి జరిపారు. కూడిక ఎంతో ఆశీర్వాదకరంగా ఉందన్న మాట ఊరంతా పాకి, గురువారం ముప్పై ఐదు మంది వచ్చారు. ఇంటావిడ పొయ్యి దగ్గర నుంచి కదలకపోవడం చూసి, ప్రభువు ఇంటికొచ్చినా వాక్యం వినకుండా వంటపనిలో మునిగిన మార్త గుణం ఆమెలో ఎక్కువని క్లోతిల్దె మృదువుగా మందలించింది. శుక్రవారం పక్క లోయ సంఘం కూడా లారీలో దిగింది. డెబ్బై మంది. సగం మంది వాకిట్లో నిలబడ్డారు.

వాకిట్లోవారికి వాక్యం వినబడాలి గనుక సంఘంలో మైకు చూసుకునే నికానోర్ లౌడుస్పీకరు కొమ్ముతో నిచ్చెన ఎక్కాడు. తొమాసా ప్రాణం లేచి వచ్చింది. ఎక్కనే ఎక్కావు గదా నాయనా, ఆ రేకు కూడా కొట్టిపెట్టమని కింద నుంచి అడిగింది.

"నాది మైకు పరిచర్య అక్కా. కప్పులూ అవీ భవన కమిటీవాళ్ళు చూసుకుంటారు. వాళ్ళ పనిలో నేను వేలు పెడితే బాగుండదు."

ఆ మాట చెప్పి, కొమ్ము నిలబెట్టడానికి మంచి రేకులకు నాలుగు మేకులు దిగగొట్టి, రెండు పీకి మళ్ళీ కొట్టాడు. అంతవరకు ఒక్క చిల్లు. ఇప్పుడు ఏడు. వర్షం కోసం కూడా ఎవరో ప్రార్థించారు. అది మాత్రం వెంటనే ఫలించింది. జనం తలల మీద బైబిళ్ళు పెట్టుకుని ఇళ్ళకు పరుగెత్తారు. ఒక బస్తాను అప్పటికే సంఘం తడవకుండా కాపాడింది: తినేసింది. రెండో బస్తా మీద తొమాసా తన దుప్పటి కప్పి, తాను తడుస్తూ కూర్చుంది.

శనివారం తెల్లవారగానే పొరుగింటి ఫెర్మీన్ వచ్చాడు. ఏ గుడి గడపా తొక్కని మనిషి. మూడు రోజుల పాటలకు, పైగా నిన్నటి మైకుకు చెవులు హోరెత్తి, ఆ కొమ్ము పీకి పారేయడానికే తిట్టుకుంటూ ఎక్కాడు. చిల్లుల్లోంచి కిందికి చూశాడు. తిట్టడం ఆపకుండానే రేకు బిగించి, ఏడు చిల్లులకూ తారు పూసి దిగాడు. తొమాసా తమాలె అందించబోయింది.

"ఇంట్లో తినే వచ్చాను పిన్నీ. బస్తా ఎండలో పెడతా, జరుగు."

ఆదివారం పాస్టరు, మూడు రోజుల ప్రార్థనకు కప్పు అద్భుతంగా బాగుపడిందని ప్రకటించాడు; గురువారం కృతజ్ఞతా కూడిక, తొమాసా ఇంట్లోనే. సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె లేచింది.

"నా కోసం ప్రభువు నూట పదిహేడు మందిని పంపించాడు. వాళ్ళకి బదులు ఫెర్మీన్ ఒక్కణ్ణి పంపుంటే నాకింకో బస్తా మిగిలేది. గురువారం నా తలుపు తియ్యను."

సంఘమంతా అలవాటుగా ఆమేన్ అన్నది.

చదువుతున్న మీకు, మీ సంఘంలో ఎవరికి ఏం కావాలో తెలుసు. ఇది మూసి, లేచి వెళ్ళండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.