స్పేర్ చక్రం మంజూరు విధానం

మానవజాతి చక్రాన్ని కనిపెట్టడానికి ఎన్ని వేల ఏళ్లు తీసుకుందో గానీ, కనిపెట్టిన చక్రం ఎవరికీ దక్కకుండా కాపాడే పద్ధతిని సైకిల్ జట్టు సామగ్రి డైరెక్టరుగారు ఒక్క మధ్యాహ్నంలో కనిపెట్టారు. (భోజన విరామం కూడా అందులోనే.) దాని ప్రకారం, రేసులో ఎవరి టైరు పంక్చరైనా వెనక కారులోని మెకానిక్ ముందుగా యాప్‌లో అర్జీ పెట్టాలి. రైడరు ఫోనుకు ఓటీపీ వస్తుంది. అది కొట్టాకే చక్రం చేతులు మారాలి.

మెకానిక్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. పన్నెండు సెకన్లలో చక్రం మార్చే మనిషి, నూట పన్నెండో కిలోమీటరు రాయి దగ్గర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ముప్ఫై ఆరేళ్ల రైడరు, గాలి పోయిన వెనక టైరు. మొదటి పదిమందిలో వస్తేనే వచ్చే ఏడాది ఒప్పందమని అతనికి పొద్దున్నే చెప్పారు.

"అన్నా, తొందరగా."

"నా చేతిలో ఏముంది తమ్ముడూ? నీ ఫోనుకి నంబరొచ్చింది, అది చెప్పు."

"ఫోను బస్సులో ఉంది. రేసులో ఫోను ఉండకూడదని మనవాళ్లే రూలు పెట్టారు కదా."

జట్టు బస్సు గమ్యం దగ్గర ఆగి ఉంది. మెకానిక్ దాని డ్రైవరుకు ఫోను చేశాడు.

"నంబరు కనిపిస్తోంది బాబాయ్," అన్నాడు డ్రైవరు మర్యాదగా. "కానీ ఎవరికీ చెప్పొద్దని కిందే రాసుంది."

"నేను ఎవరినిరా?"

"పేర్లేం రాయలేదు బాబాయ్. ఎవరికీ అనే ఉంది."

(ఆ నెల ఉత్తమ ఉద్యోగి పత్రం డ్రైవరుకే ఇచ్చారు. అర్హుడే.)

మిగతా జట్ల వాళ్లు ఒక్కొక్కరే దాటిపోతుంటే మెకానిక్‌కు ఒళ్లు మండింది. ఫోను సీటు మీదకి విసిరి, చక్రం బిగించి, రైడరు వీపు మీద చెయ్యేసి బలంకొద్దీ ముందుకు తోశాడు. అతను ప్రాణం పెట్టి తొక్కి ఏడో స్థానంలో వచ్చాడు. గీత దాటుతుంటే కళ్లారా చూసి మెకానిక్ సంతోషంతో ఏడ్చేశాడు.

డైరెక్టరుగారు మాత్రం స్క్రీను చూశారు.

"అభినందనలు. కానీ రికార్డు ప్రకారం మీరింకా నూట పన్నెండో కిలోమీటరు దగ్గర చక్రం కోసం ఎదురుచూస్తున్నారు."

"మీ ఎదురుగానే ఉన్నాడు కదండీ," అన్నాడు మెకానిక్.

"ఉన్నారు, కాదనను. సిస్టంలో లేరు."

అర్జీ ముగిసేదాకా రైడరు కదిలినట్టు కాదు. అర్జీ ముగియాలంటే, పెట్టిన చోటే చక్రం అందాలి. డైరెక్టరుగారు దయగలవారు కనుక కారు ఇప్పించారు, ఫోను మరిచిపోవద్దని గుర్తుచేశారు కూడా. ఇద్దరూ వెనక్కి వెళ్లారు. మెకానిక్ చక్రం విప్పాడు. రైడరు ఓటీపీ చదివాడు. మెకానిక్ అదే చక్రం మళ్లీ బిగించాడు.

అక్కడి నుంచి గమ్యానికి అరవై కిలోమీటర్లు. నిబంధన ప్రకారం తొక్కుకుంటూనే రావాలి కనుక రైడరు తొక్కుకుంటూనే వచ్చాడు. అప్పటికి బారికేడ్లు విప్పేసి లారీకి ఎక్కిస్తున్నారు. నూట నలభై ఆరో స్థానం నమోదైంది, అదే ఆఖరిది.

చక్రం మంజూరులో ఏ లోపమూ కనిపించలేదు కనుక, ఆలస్యానికి కారణం అన్న గడిలో డైరెక్టరుగారు 'వయసు' అని రాశారు.