మొదటి కార్డు

ఆ గురువారం ఉదయం బడి పెద్ద మేడమ్ వేసుకున్న పథకంలో రెండే పనులున్నాయి. పదింటికి ఎలక్ట్రీషియన్ వచ్చి రిపేరు క్లబ్బు గదిలో టకటకమంటున్న ఫ్యాను బాగుచెయ్యాలి. పదకొండింటికి పై ఆఫీసు నుంచి అధికారి వచ్చి, ఆ ఫ్యాను కింద చల్లగా కూర్చుని, క్లబ్బు ఉండాలో ఊడాలో తేల్చాలి. ఊడితే ఆ గదిలో విరిగిన బెంచీలు పడేస్తారు.

ఆటిజం ఉన్న పిల్లలు తోటివాళ్ళతో కలవడానికని సైన్సు టీచరు పెట్టిన క్లబ్బు అది. పాడైన వస్తువొకటి ఇద్దరి మధ్య పెడతారు. స్క్రూడ్రైవరు మాత్రం ఒక్కటే ఇస్తారు. ఇక అడగక తప్పదు, ఆగక తప్పదు. ఏం మాట్లాడాలో తోచనప్పుడు చూసుకోవడానికి గోడకి కార్డులున్నాయి. మొదటి కార్డు మీద ఇలా ఉంటుంది: 'కొత్తవాళ్ళు కనిపిస్తే ఎవరో, ఏ పని మీద వచ్చారో అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి.'

తొమ్మిదో తరగతి ఫ్యానక్కకి ఆ కార్డులన్నీ కంఠతా వచ్చు. చప్పుడు విని ఏ ఫ్యానుకి ఏం జబ్బో చెప్పేస్తుందని చిన్న తరగతులవాళ్ళు పెట్టిన పేరది. రెండేళ్ళు బడిలో ఎవరితోనూ పెదవి విప్పని ఆ పిల్లకి ఈ క్లబ్బులోనే ఒక స్నేహితురాలు దొరికింది. ఆమెని వసపిట్ట అంటారు. ఊపిరి తీసుకోవడానికి కూడా మాట ఆపని ఆ అమ్మాయి, ఫ్యానక్క జవాబు కోసం మాత్రం మనసులో పది లెక్కపెట్టడం నేర్చుకుంది.

పెద్ద మేడమ్‌కి కార్డులతో పని లేదు. ఆవిడ మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పదిన్నరైనా ఎలక్ట్రీషియన్ రాకపోయేసరికి గేటు దగ్గర కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే, ఇద్దరు ఒకేసారి లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో ఉన్నది ఎలక్ట్రీషియన్. పని ముగించుకుని అటునుంచటే తోడల్లుడి ఇంటికి భోజనానికి వెళ్ళాలి. మోచేతుల దాకా నల్లగా ఉన్నది అధికారి. దారిలో ఆయన మోటారు సైకిలు చైను ఊడింది.

"రండి సార్, రండి," అని ఆవిడ బూట్లకి స్వాగతం చెప్పి, నల్ల చేతుల వైపు తిరిగారు. "ఏమయ్యా, ఇదా రావడం? నిచ్చెన క్లబ్బు గదిలోనే ఉంది. పదకొండు లోపు కానివ్వు."

"అమ్మా, నేను..." అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మీరు చెప్పక్కర్లేదు సార్. మొహం చూస్తేనే తెలుస్తోంది."

అధికారి కాగితం మీద ఎవరినైనా నిలదీయగలరు. ఎదుటివాళ్ళు గొంతు పెంచితే మాత్రం గుటకలు మింగుతారు. మింగి, గది వెతుక్కుంటూ వెళ్ళారు.

ఎలక్ట్రీషియన్‌కి టీ, పూలగుత్తి, బడి చరిత్ర వరసగా అందాయి. నోరు తెరిచినప్పుడల్లా బిస్కట్ల ప్లేటు ముందుకొచ్చింది. చివరికి అభిప్రాయాల పుస్తకం ఇస్తే, 'అన్నీ బాగున్నాయి. వైరింగు మార్పించాలి' అని రాశాడు. పై ఆఫీసువాళ్ళ చూపే వేరని ఆవిడ మురిసిపోయారు.

క్లబ్బు గదిలో ఫ్యానక్క కొత్తమనిషి చొక్కా మూడో గుండీ వైపు చూస్తూ అడిగింది. "మీరెవరు? ఏ పని మీద వచ్చారు?"

ఆయనకి మాట రాలేదు. వసపిట్ట అందుకోబోతే ఫ్యానక్క గోడ మీది కార్డు చూపించింది. ఇద్దరూ ఆగారు. తన జవాబు కోసం ఎవరైనా అంతసేపు ఆగడం అధికారికి కొత్త. వసపిట్ట లెక్క ఎనిమిది దగ్గరుండగా ఆయన నోరు విప్పారు.

"అధికారినమ్మా. ఈ క్లబ్బు ఉంచాలో తీసెయ్యాలో చూడ్డానికి వచ్చాను."

"తీసెయ్యకండి," అంది ఫ్యానక్క. "ఇక్కడ నాకో స్నేహితురాలుంది. బయట ఎవరూ లేరు."

వసపిట్ట కళ్ళు తుడుచుకుంది. అధికారి తలెత్తి ఫ్యాను వైపు చూశారు.

"మూడో రెక్క బోల్టు వదులైంది," అంది ఫ్యానక్క. "పిల్లలు నిచ్చెన ఎక్కకూడదు. మీరెక్కండి, నేను చెప్తాను. స్విచ్చి కట్టేశాను."

పెద్ద మేడమ్ పూలగుత్తితో ఉన్న అతిథిని తీసుకొచ్చేసరికి అధికారి నిచ్చెన మీద పానా తిప్పుతున్నారు. వెనకే వచ్చిన సైన్సు టీచరు బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"ఇంకా కాలేదా? దిగు, సార్ వచ్చారు," అన్నారు మేడమ్.

పరిచయం లేనివాళ్ళని పరిచయం చెయ్యాలన్నది నాలుగో కార్డు. "మేడమ్, నిచ్చెన మీదున్నది అధికారి గారు," అంది ఫ్యానక్క. తర్వాత పూలగుత్తి వైపు తిరిగింది. "మీరెవరు?"

"ఎలక్ట్రీషియన్ని తల్లీ. ముప్పావు గంట నుంచీ చెబుదామనే చూస్తున్నా."

పెద్ద మేడమ్ కుర్చీ వెతుక్కున్నారు. అధికారి దిగి స్విచ్చి వేశారు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. ఎలక్ట్రీషియన్ తలెత్తి చూసి, "బాగానే బిగించారు సార్," అన్నాడు.

అధికారి అక్కడే కూర్చుని రిపోర్టు రాశారు. క్లబ్బు కొనసాగాలి, పెద్దవాళ్ళని కూడా చేర్చుకోవాలి. ఫ్యానక్క రెండుసార్లు చదివి, వసపిట్ట చేతికిచ్చింది.

మరుసటి గురువారం నుంచే పెద్ద మేడమ్ క్లబ్బుకి వస్తున్నారు. ప్రస్తుతానికి మొదటి కార్డు దగ్గరే ఉన్నారు.