పలుపు ఉంచుకుని ఫోను ఒప్పజెప్పిన వైనం

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి, దూరం నుంచి వింటే ఈ సంగతి సగమే ఎక్కుతుంది. లోకమంతా సెల్‌ఫోను కంపెనీలను తిడుతోంది. నేను మాత్రం పొగుడుతాను. గడువుకు ముందే ఫోను మానేసినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేయడమంత ధర్మం ఈ భూమ్మీద మరొకటి లేదు!

ఎందుకంటారా? మీ తాతగారు నలభై రెండేళ్లు నాతో కాపురం చేసి, చెప్పాపెట్టకుండా మధ్యలో వెళ్లిపోయారు. నాకెవరైనా ఒక్క రూపాయి కట్టారా? మా గేదె ఐదో నెలలోనే పాలు ఎగ్గొట్టింది. దానికి నోటీసిచ్చే వకీలు సత్తెనపల్లిలో దొరికాడా? మిరప పూత మీదున్నప్పుడు వాన మొహం చాటేస్తుంది. మబ్బుల చేత ముందే సంతకాలు పెట్టించుకుని ఉంటే ఈపాటికి మా ఊళ్లో అన్నీ మేడలే. ఇంత చిన్న ఉపాయం కంపెనీ వాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టలేదు.

నిరుడు మాఘంలో ఆ కంపెనీ మనిషి మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "మంచం మీద పడుకునే గుంటూరు యార్డులో మిర్చి ధర కనుక్కోవచ్చు మామ్మగారూ" అన్నాడు. కాగితం మీద నేను సంతకం పెట్టాను. హామీ సంతకం ఎడ్ల బేరాలు కుదిర్చే మా మీరావలి పెట్టాడు. మూడేళ్లలోపు మానేస్తే రెండు వేల నాలుగు వందలు కట్టాలన్న మాట ఆ కాగితంలోనే ఉందట, గసగసాలంత అక్షరాల్లో. మన కళ్లు పాడవుతాయని గాబోలు, చదవమని ఆ కంపెనీ మనిషి బలవంతపెట్టలేదు.

మంచం మీద సిగ్నల్ రాలేదు. మంచం తిప్పి వేశాం, రాలేదు. మంచాన్ని డాబా ఎక్కించాం, మంచం ఎక్కింది గానీ సిగ్నల్ దిగలేదు. నాలుగు నెలలు ఒక్క పిలుపూ లేకుండా హాయిగా గడిచాయి. అంత ప్రశాంతతకు నెలనెలా అద్దె కట్టడం న్యాయమే కదా?

జ్యేష్ఠంలో ఇక చాలనుకున్నాను. కానీ జరిమానా కట్టాలంటే నా దగ్గరున్నది విత్తనాల డబ్బొక్కటే. అరెకరం మిరప నా చేతి సాగు. కాపురానికొచ్చిన ఏడాది నుంచి దాన్ని ఒక్క ఏడూ బీడు పెట్టలేదు.

"నువ్వు ఊరుకో పెద్దమ్మా, పనికిరాని ఎద్దును తిప్పి పంపడం నాకు కొత్తా?" అని మీరావలి నాతో సత్తెనపల్లి షాపుకొచ్చాడు. టై కట్టుకున్న మేనేజరుకు నమస్కారం పెట్టాడు. భుజం మీది కండువా తీసి ఆయన చేతి మీద కప్పి, లోపల రెండు వేళ్లు నొక్కాడు. సంతలో బేరం అలాగే చేస్తారు. రెండు వేళ్లంటే రెండు వందలు. మేనేజరు బిత్తరపోయి మీరావలి ఐదు వేళ్లూ పట్టేసుకున్నాడు.

"ఐదు వందలు. ఖాయం" అని మీరావలి కండువా దులిపాడు. "గట్టివాడే పెద్దమ్మా, ఒక్క మాటలో తేల్చాడు."

నేను ఐదు వందలు లెక్కపెట్టి ఫోను బల్ల మీద పెట్టాను.

"చార్జరేదండీ మామ్మగారూ?" అన్నాడు మేనేజరు, చెయ్యి ఒళ్లో దాచుకుంటూ.

"గొడ్డును ఒప్పజెప్పేటప్పుడు పలుపు ఇవ్వరు నాయనా. తాడు మాతోనే ఉండాలి, లేకపోతే కొట్టం కలిసిరాదు."

ఆయన రసీదు రాసిచ్చాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ బస్సెక్కాం.

నెల తిరక్కుండా నోటీసొచ్చింది. ఐదు వందలు పాత బిల్లు కింద జమ. చార్జరు లేదు కాబట్టి ఫోను అప్పగించినట్టు కాదు. మానేశాను కాబట్టి జరిమానా మొత్తం కట్టాలి. ఎస్టీడీ బూతు నుంచి కంపెనీకి చేశాను. అవతల ఎవరో అమ్మాయి, చక్కటి గొంతు.

"ఒప్పందం ఐదు వందలకే అయినట్టు మీ దగ్గర కాగితం ఉందాండీ?"

"వేళ్లున్నాయమ్మా."

"అవి సిస్టంలో లేవండీ."

పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? సిస్టంలో అరుగు మీది మాటా లేదు, మజ్జిగా లేదు. నా సంతకం ఒక్కటే ఉంది.

నోటీసులో మీరావలి పేరు కూడా ఉంది. వాడు బతికేది నోటిమాట మీద. ఆ కాగితం సంతకు చేరితే రేపు వాడి వేళ్లు ఎవరు పట్టుకుంటారు? విత్తనాల డబ్బు తీసి కట్టేశాను.

ఇప్పుడు మా పొలాల వైపు వెళితే అటూ ఇటూ ఎర్రగా పండిన మిరప, నడుమ పన్ను ఊడిన చోటులా నా అరెకరం కనిపిస్తుంది. ముసలిదానికి చేతకాలేదని దారినపోయేవాళ్లు అనుకుంటున్నారట. అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతాను, మరిచిపోకండి. ఆ బీడు ఎవరిదని ఎవరైనా అడిగితే, మాట తప్పినందుకు బీడు పడిందని చెప్పండి. ఎవరు తప్పారని తప్పకుండా అడుగుతారు. అప్పుడు వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని, మొదటి నుంచీ చెప్పండి.