ఆరు గుండ్లు

సెలూనాయన ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి నడుముకు రివాల్వరు దోపుకోవాలి, తొమ్మిదింటికి షాపు చేరాలి, దొంగ వస్తే వాడి సంగతి చూడాలి. ఏడాదిగా హెల్మెట్ పెట్టుకున్న దొంగ ఒకడు ఆ వీధిని పీడిస్తున్నాడు. మందుల షాపు అయింది, కళ్లజోళ్ల షాపు అయింది. తరువాతి వంతు తన సెలూనుదేనని ఈయనకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పద్నాలుగు సంతకాలు పెట్టి, లైసెన్సు సంపాదించాడు. ఇవాళే మొదటిసారి రివాల్వరును బయటికి తీసుకెళ్లడం.

"కొన్న రోజు నుంచీ మనమే దానికి కాపలా కాస్తున్నాం. అది మనకు ఎప్పుడు కాస్తుందండీ?" అంది భార్య.

"అవసరం వచ్చినప్పుడు తెలుస్తుంది."

"అయితే సాయంత్రం దాకా చూస్తాను. దానివల్ల ఒక్క మేలు జరిగినా ఇంట్లో ఉండనివ్వండి. జరక్కపోతే రేపు పొద్దున్నే స్టేషన్లో ఇచ్చేసి రావాలి."

ఒప్పుకోకపోతే పరువు పోతుందని ఆయన ఒప్పుకున్నాడు. రివాల్వరును బల్ల మీద పెట్టి బెల్టు వెతుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్లాడు. వెతుకుతూనే, అప్పటికే షాపు తెరిచిన బావమరిదికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "ఇవాళ షాపుకి ఆరు గుండ్లు వస్తున్నాయి. గొడవ చెయ్యకుండా జాగ్రత్తగా చూసుకో" అన్నాడు.

తుపాకి గుండు వేరు, నున్నగా గీసిన తల వేరు. కానీ పన్నెండేళ్లుగా సెలూన్లో పనిచేస్తున్నవాడికి గుండంటే ఒకటే అర్థం. బావమరిది మురిసిపోయి కొత్త బ్లేడ్లు తీసి పెట్టుకున్నాడు.

ఎవరైనా తగిలితే పేలుతుందేమోనని సెలూనాయన బస్సెక్కలేదు. గట్టిగా అడుగేస్తే పేలుతుందేమోనని త్వరగా నడవలేదు. నడుము పట్టుకుని నెమ్మదిగా వస్తున్న ఆయన్ని చూసి దారిలో ముగ్గురు ఆగి, కిడ్నీలో రాళ్లకు ఏ డాక్టరు మంచివాడో చెప్పారు. షాపు చేరేసరికి పదకొండయింది. బావమరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"బావా, ఆరు గుండ్లూ లోపల రెడీగా ఉన్నాయి."

సెలూనాయన చెయ్యి గబుక్కున నడుము మీదకు పోయింది. రివాల్వరు అక్కడే ఉంది. మరి గుండ్లు లోపలికి ఎలా వెళ్లాయి?

"ఎవరైనా చూశారా?"

"వీధి వీధంతా చూసింది బావా."

"పేలలేదు కదా?"

"ఇంకా లేదు. నువ్వొస్తే పేలుదామని కూర్చున్నాయి."

సెలూనాయన వెనకగది తెర తొలగించాడు. బెంచీ మీద ఆరుగురు వస్తాదులు, ఆరు నున్నటి తలలు, పన్నెండు ఎర్రటి కళ్లు కనిపించాయి. వీధి చివర జిమ్ములో బరువులెత్తేవాళ్లు వాళ్లు. మర్నాడు పోటీ ఉందని కాస్త ట్రిమ్మింగు చేయించుకుందామని వచ్చారు. బావ పంపిన ఆరుగురూ వీళ్లేననుకున్న బావమరిది, వేడి తువ్వాలు కింద కళ్లు మూసుకున్న కెప్టెన్ తలను నాలుగు నిమిషాల్లో నున్నగా చేసేశాడు. జట్టంతా ఒకేలా కనబడాలి గనక మిగతా ఐదుగురూ పళ్లు కొరుక్కుంటూ తలలు వంచక తప్పలేదు.

"రేపు పేపర్లో మా ఫోటో వస్తుంది. మా అమ్మైనా నన్ను గుర్తుపడుతుందంటారా?" అన్నాడు కెప్టెన్. అతని గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది.

అదృష్టవశాత్తూ, సెలూనాయన మర్చిపోయిన భోజనం క్యారియరు పట్టుకుని భార్య వెనకద్వారంలో నిలబడి ఉంది. జరిగిందంతా విని, నవ్వాపుకుని, గోడ అద్దం తీసి కెప్టెన్ చేతికిచ్చింది.

"జుట్టున్నప్పుడు నీ మెడ ఇంత బలంగా ఉందని ఎవరికైనా తెలిసిందా బాబూ? ఒక్కసారి చూసుకో."

అతను చూసుకున్నాడు. మెడ అటూ ఇటూ తిప్పి మళ్లీ చూసుకున్నాడు. అద్దం రెండోవాడి చేతికి పోయింది. బతుకు జీవుడా అనుకుంటూ సెలూనాయన ముందుగదిలోకి వచ్చి, ఏప్రాను బిగించి రెండు ముళ్లేసి కట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని హెల్మెట్ పెట్టుకున్న మనిషి వచ్చాడు.

"హెల్మెట్ తీస్తేగానీ కటింగ్ కుదరదండీ," అన్నాడు బావమరిది అలవాటు కొద్దీ.

ఆ మనిషి కత్తి తీశాడు.

ఏడాదిగా ఎదురుచూసిన క్షణం రానే వచ్చింది. సెలూనాయన నడుము మీద చెయ్యి వేశాడు. చేతికి ఏప్రాను ముళ్లు తగిలాయి. లాగాడు. ముళ్లు మరింత బిగిశాయి. ఇంకా గట్టిగా లాగేసరికి రివాల్వరు ప్యాంటు లోపలికి జారి, కాలి వెంట దిగి, నేలమీద టంగుమని పడి, తిన్నగా దొంగ బూటు దగ్గరకు పోయి ఆగింది. దొంగ కత్తి జేబులో పెట్టుకుని దాన్ని తీసుకున్నాడు.

పద్నాలుగు సంతకాలతో సంపాదించిన ఆయుధం ఇప్పుడు తన వైపే చూస్తోంది. సెలూనాయన పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎన్నడూ పడలేదు.

"బాబూ, అందులో గుండ్లు లేవు," అంది భార్య, తెర పక్కకొచ్చి నిలబడి.

"ఆహా. మరెక్కడున్నాయో?"

"లోపలున్నాయి. చూస్తావా?" అని ఆవిడ తెర లాగింది.

గుమ్మంలో ఇద్దరు పట్టరు కనక ఒక్కొక్కరే వచ్చారు. ఆరు తలలూ ట్యూబులైటు కింద నిగనిగలాడాయి. దొంగ బెదిరిపోయి ట్రిగ్గరు నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కుమంది. దాంతో వాడు రివాల్వరును ఎంతో మర్యాదగా సెలూనాయన చేతికిచ్చి, జేబులోని కత్తి బావమరిదికిచ్చి, తనంతట తనే హెల్మెట్ తీసి కుర్చీలో కూర్చున్నాడు.

మందుల షాపాయన, కళ్లజోళ్లాయన పరిగెత్తుకొచ్చి, హెల్మెట్ చూసి ఇతనే అతనని గుర్తుపట్టారు. పోలీసులు దొంగను లేపి తీసుకుపోగానే వస్తాదులు ఆవిణ్ణి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, కుర్చీతో సహా భుజాలకెత్తుకుని వీధంతా ఊరేగించారు. మర్నాడు పేపర్లో పడబోయే ఫోటో కూడా అదేనని కెప్టెన్ అప్పుడే తేల్చేశాడు. ఈలల మధ్య, గర్వంతో గుండె ఉప్పొంగి, సెలూనాయన క్యారియరు పట్టుకుని వెనక నడిచాడు.

సాయంత్రం ఆవిడ చేతిసంచీలోంచి రుమాలు మూట తీసి విప్పింది. అందులో ఆరు తూటాలున్నాయి.

"మీరు బెల్టు వెతుక్కునేటప్పుడు తీసేశాను."

"గుండ్లే లేకుండా నన్ను దొంగ మీదకు పంపావా?"

"మిమ్మల్ని తుపాకితో పంపడానికే హడలిపోయాను. గుండ్లతో కూడా పంపాలా?"

సెలూనాయన గొంతు సవరించుకున్నాడు. "ఏదేమైనా, ఫోన్లో నేను గుండ్లనే మాట అనకపోతే వాళ్లు అక్కడ ఉండేవాళ్లే కాదు. దానివల్ల మేలు జరిగినట్టేగా?"

"మేలు చేసింది మీ మాట. మాటను ఇంట్లోనే ఉంచుకుందాం. తుపాకి ఇచ్చేసి రండి."

మర్నాడు ఉదయం ఇద్దరూ స్టేషనుకు వెళ్లారు. గుమాస్తా ఫారం తిరగేసి, "ప్రాణభయం ఉందని తీసుకున్నారు కదండీ. ఇప్పుడా భయం లేదా?" అని అడిగాడు.

"ఉందండీ. అందుకే ఇచ్చేస్తున్నాను," అన్నాడు సెలూనాయన.